కొత్త ఇంజను, పాత బ్రేకులు

నేను ఒక పాత స్పోర్ట్స్ కారుని. రెండే సీట్లు, పైన కప్పు లేదు, చక్రాలకి సైకిలు చక్రాల్లా పుల్లలు, ఒంటికి ముదురాకుపచ్చ రంగు. ఆదివారం పొద్దున విశాఖపట్నం బీచిరోడ్డులో నేను కనబడితే మీరు తప్పకుండా తల తిప్పి ఇంకోసారి చూసి ఉంటారు. అందరూ చూస్తారు. ఇది గర్వం అనుకోకండి. అనుకున్నా తప్పు లేదు.

నేను పుట్టింది ఇంగ్లండులో, అరవై ఏళ్ళ కిందట. నన్ను తయారుచేసినవాళ్ళు పొదుపరులు. నాకు చిన్న ఇంజను పెట్టారు, దానికి తగ్గట్టు చిన్న బ్రేకులు పెట్టారు. ఆ ఇంజను ఎంత పరుగెత్తినా ఆ బ్రేకులు ఆపగలిగేవి. మొగుడి సంపాదనకీ పెళ్ళాం ఖర్చుకీ లెక్క కుదిరిన సంసారంలాగా మా బతుకు సాగిపోయేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా కథంతా ఇందులోనే ఉంది.

ఓడరేవులో పనిచేసే ఓ దొర నన్ను ఇక్కడికి తెచ్చాడు. ఆయన స్వదేశం వెళ్ళేటప్పుడు కుక్కని తీసుకెళ్ళాడు, నన్ను వదిలేశాడు. తర్వాత ఓ జూటుమిల్లు మేనేజరు కొనుక్కుని, క్లబ్బుకి వెళ్ళడానికి తప్ప బయటికి తియ్యలేదు. ఆయన పోయాక గోనెసంచుల గోదాములో ఎలుకలకి కాపురం పెట్టించాను. మనుషులు ప్రేమిస్తున్నామనే వస్తువుల్ని ఎక్కువగా తాళం వేసే ఉంచుతారు.

ఆ గోదాములోంచి నన్ను బయటికి తెచ్చినవాడు ఫణీంద్ర. మర్రిపాలెంలో టైల్సు షాపు ఉంది. మంచివాడే. నా మీద దుమ్ము దులుపుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, అబద్ధం చెప్పను. అతనితో పాలిటెక్నిక్‌లో చదివిన అబ్రహాంకి గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు ఉంది. నన్ను అక్కడికి చేర్చారు.

నా ఇంజనుకి రిపేరు చేస్తే ఇంకొన్నాళ్ళు నడిచేది. కానీ అబ్రహాం నా చుట్టూ ఓ చుట్టు తిరిగి, నడుము మీద చేతులు పెట్టుకుని అన్నాడు.

"ఒరే ఫణీ, ఇంతందమైన బండికి ఈ దగ్గే ముసిలి ఇంజనేట్రా? కొత్తది ఏసేద్దాం. గేరేస్తే ఎగిరిపోవాల."

ఎగిరిపోవాలన్న మాటకి ఫణీంద్ర ముఖం వెలిగింది. కారు కొన్నవాడికి పరుగు మీద ఉన్న మోజు ఆగడం మీద ఉండదు.

నా ఇంజనుని గొలుసులు కట్టి పైకెత్తి, షెడ్డు మూలన దింపారు. మర్నాటికి దాని మీద ఎవరో టీ గ్లాసులు పెట్టేశారు. దాని చోటులోకి వచ్చిన కొత్త ఇంజను ఓ ఖరీదైన కారులోంచి తీసింది. ఆ కారు హైవే మీద బోల్తా పడిందట. అందులో ఉన్నవాళ్ళు ఏమయ్యారని ఫణీంద్ర అడగలేదు. ఇంజనుకి గీత కూడా పడలేదని మాత్రం ఇద్దరూ సంతోషించారు. అది పట్టడం కోసం నా లోపలి రేకులు కోసి, కొత్త ఇనపముక్కలు అతికించారు.

మొదటిసారి స్టార్టు చేసిన రోజున నా ఒళ్ళంతా వణికింది. ఇంత బలం నేనెన్నడూ ఎరగను. "కాస్త నెమ్మది, నాయనా, నా బ్రేకులు ముసలివి" అన్నాను దానితో.

"పరుగెత్తించడం నా పని. ఆపడం ఎవరి పనో నాకు తెలీదు" అంది అది. అబద్ధమేమీ కాదు.

అబ్రహాంకి ఆ సంగతి తెలుసు. బ్రేకులు కూడా మార్చాలని మొదట్లోనే చెప్పాడు. పెద్ద డిస్కు బ్రేకులు విదేశాల నుంచి తెప్పించాలి. అవి పట్టాలంటే నా పుల్లల చక్రాలు తీసేసి వేరేవి వెయ్యాలి. ఈ రెండో మాట దగ్గర ఫణీంద్ర ముఖం చిన్నబోయింది. ఆ చక్రాలంటే అతనికి ప్రాణం. అయినా ఆర్డరు పెట్టాడు. పెట్టె ఓడలో బయల్దేరిందన్నారు, రేపన్నారు, మాపన్నారు.

ఈలోగా శుక్ర మూఢం దగ్గరపడింది. ఫణీంద్ర అత్తగారు వరహాలమ్మగారు పంచాంగం చూసి ఫోను చేశారు.

"మూఢం పెట్టేస్తే ఇహ మంచిరోజుల్లేవు బాబూ. ఈ గురువారం దాటకుండా బండిని కొండకి తీసుకెళ్ళి, అప్పన్నకి చూపించి పూజ చేయించండి."

"బ్రేకులు రాలేదు కదరా" అన్నాడు అబ్రహాం.

"కొండెక్కి దిగడమే కదా. మెల్లిగా పోనిస్తాను."

మింగ మెతుకు లేదు గానీ మీసాలకి సంపెంగ నూనె అన్నట్టు, ఆపే దిక్కు లేని నన్ను బంతిపూలతో అలంకరించారు. నీలిమ, అంటే ఫణీంద్ర భార్య, పట్టుచీర కట్టుకుని పక్క సీట్లో కూర్చుంది. సింహాచలం కొండ ఎక్కడానికి నాకు కష్టమే అనిపించలేదు. మలుపు మలుపుకీ ఇంజను ఉరకలు వేసింది. ఫణీంద్ర చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడు. నీలిమ నవ్వుతూ కొంగు బిగించి పట్టుకుంది. పైన పూజారి మంత్రాలు చదివి, నాకు బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. అన్ని దిష్టులూ పోవాలని అందరూ దణ్ణం పెట్టుకున్నారు. నా బ్రేకుల వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

దిగడం మొదలైంది. మొదటి మలుపు దగ్గర బ్రేకు బాగానే పట్టింది. తర్వాతి మలుపుకి వేడెక్కింది. ఆ తర్వాత ఫణీంద్ర పెడలు తొక్కితే, పెడలు గట్టిగానే ఉంది, పట్టు మాత్రం లేదు. మళ్ళీ తొక్కాడు. రెండు చేతులతో స్టీరింగుని పట్టుకుని లేచి నిలబడినంత పనిచేసి తొక్కాడు. ఎదురుగా ఓ బస్సు ఆగి ఉంది. దాని వెనక గుండు చేయించుకున్న ఓ ముసలాయనా, చంకన పసిపిల్లతో ఓ ఆడమనిషీ నడుస్తున్నారు. నాకు భయం వేసింది. ఇనుముకి భయమేమిటని మీరు నవ్వవచ్చు. ఆ పిల్ల మా వైపే చూస్తోంది.

ఇంజనే వేగం తగ్గించేలా ఫణీంద్ర గేరుని కింది గేరులోకి దింపాడు. ఇంజను గొంతు చించుకుని అరిచింది. నా పక్కభాగం కొండవైపు గోడని రాసుకుంటూ పోయింది. ముసలాయనా, పిల్లనెత్తుకున్నావిడా పక్కకి దూకారు. బస్సుకి చెయ్యి చాచితే తగిలేంత దూరంలో ఆగాను.

"ఏమిటండీ ఈ వాసన?" అంది నీలిమ ముక్కు మూసుకుని.

"ఏం లేదు. కొత్త ఇంజను కదా, పెయింటు కాలుతోంది."

బండి ఆగినా అతను పెడలు మీంచి కాలు తియ్యలేదు. అది నాకొక్కదానికే తెలుసు.

సాయంత్రం షెడ్డులో అబ్రహాం చక్రం విప్పి చూశాడు. లోపలి ఇనుము కాలి నీలంగా మారిపోయింది. "ఇది చూడ్రా" అన్నాడు మెల్లిగా.

"ఆగిందా లేదా?"

"ఆగింది గానీ..."

"అప్పన్న ఆపాడు. నేను కళ్ళారా చూశాను."

అబ్రహాం ఇంకో మాట అనవలసింది. కానీ ఆ పూటే తను వేసిన ఇంజను గురించి ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు వస్తున్నాయి, మా బండికీ అలాంటిదే వెయ్యమని. చక్రం మళ్ళీ బిగించేశాడు.

ఆ తర్వాత ఫణీంద్ర ఈ కథ చాలామందికి చెప్పాడు. మొదట్లో ఆ కథలో భయం ఉండేది. చెప్పగా చెప్పగా భయం పోయి మహిమ మిగిలింది. ఇంకొన్నాళ్ళకి మహిమతో పాటు తన డ్రైవింగు కూడా చేరింది. తప్పించుకున్నవాడు జాగ్రత్తపడతాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇతనికి ధైర్యం వచ్చింది.

చివరికి బ్రేకుల పెట్టె వచ్చింది. పోర్టికోలో నా పక్కనే దింపి పోయారు.

"రేపు పంపించు, ఏసేస్తాను" అన్నాడు అబ్రహాం ఫోన్లో.

"మూఢం నడుస్తోంది కదరా. కొత్త పని మొదలుపెట్టకూడదు. అయ్యాక చూద్దాం" అన్నాడు ఫణీంద్ర, నా చక్రాల పుల్లలు ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తూ. రిపేరు పనికి మూఢం అడ్డమా అని అత్తగారిని అడిగితే ఆవిడే నవ్వేవారు. అతను అడగలేదు.

ఇవాళ పొద్దున్నే ఇల్లంతా సందడిగా ఉంది. అందరూ అరకు వెళ్తున్నారు. సింహాచలం కొండ దాని ముందు ఓ మెట్టుతో సమానం. ఆ ఘాటురోడ్డు గంటల తరబడి మెలికలు తిరుగుతుంది, పక్కన లోయ ఉంటుంది. నీలిమా వరహాలమ్మగారూ పెద్ద కారులో ముందు వెళ్తారట. ఫణీంద్రతో నాలో వచ్చేది అతని కూతురు చైత్ర. నాలుగో తరగతి చదువుతోంది, రాత్రంతా నిద్రపోలేదట.

"జాగ్రత్తండీ, మెల్లిగా రండి" అంది నీలిమ.

"కొండ మీద చూశావు కదా" అన్నాడతను.

ఆవిడ చూసింది నిజమే. ఏం చూసిందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నాకు నోరుంటే చెప్పేదాన్ని.

ఫణీంద్ర తాళం తిప్పాడు. ఇంజను ఒక్కసారికే అందుకుంది. తలుపు తియ్యబోతుంటే చైత్ర వద్దంది. తలుపు మీంచి దూకి ఎక్కితేనే దానికి సరదా. చుట్టూ చూసింది. నా పక్కన ఆ పెట్టె ఉంది, కట్టిన తాళ్ళు కూడా విప్పలేదు. దాని మీద కాలు పెట్టి, నాలోకి దూకింది.