గంట ప్రయాణం

పుట్టి బుద్ధెరిగాక మునిరత్నం విమానం ఎక్కబోవడం ఇదే మొదలు. చిత్తూరు నుంచి హైదరాబాదుకు బస్సులో రాత్రంతా నడుము విరగాలి. అదే తిరుపతిలో విమానమెక్కితే గంట. ఆ గంట సంగతి బజారులో అతను చెప్పని అంగడి లేదు.

బయల్దేరే వేళకు రాహుకాలం పడుతుందని తల్లి సుబ్బులమ్మ పొద్దున్నే ప్రస్థానం పెట్టింది. టికెట్టున్న సంచిని మంచి ఘడియలో పక్కింటి చెంగమ్మ ఇంట్లో ఉంచి వచ్చింది. దాంతో ప్రయాణం మొదలైనట్టే, ఇక ఎప్పుడు కదిలినా దోషం లేదు.

తీరా కారు వచ్చేసరికి చెంగమ్మ ఇంటికి తాళం. కాణిపాకం పోయిందట.

“పగలగొడతా” అన్నాడు మునిరత్నం.

“ప్రస్థానం పెట్టిన ఇంటి తాళం పగలగొడతారా యాడన్నా?” అని తల్లి అడ్డం నిలబడింది.

అతను వీధి చివరిదాకా పోయాడు, తిరిగొచ్చాడు, తాళం లాగి చూశాడు, డ్రైవరును ఊరికే కసిరాడు. విమానం వెళ్లే వేళ దాటిపోయినా అతని కాళ్లు నిలవలేదు.

పొద్దుగూకే ముందు చెంగమ్మ ప్రసాదంతో వచ్చింది. అతన్ని చూసి నింపాదిగా తాళం తీసింది.

“గంటలో పొయ్యేవాడివి, నీకేం తొందరలే అని పోయినానప్పా.”