తడి తుడిచినందుకు రెండు ఆటలు

ఆ కాలేజీ హాలు పైకప్పు ఎక్కడ కారుతుందో నాకు తెలుసు. ఉత్తరం వైపు బుట్టకు ఎదురుగా, ఫ్రీ త్రో గీతకు రెండు జానల ఇవతల. రెండు వేల సంవత్సరంలో ఆ కప్పుకు రేకులు మార్చింది మా కంపెనీయే. సారవ కట్టింది మేము. ఆ ఒక్క చోట అతుకు సరిగా పడలేదని మేస్త్రీకి చెప్పాను. "వానొస్తే చూద్దాంలే" అన్నాడు. సింగపూర్‌లో వాన రావడం ఎంతసేపు.

మూడు నెలలు ఆ సారవ మీదే ఉన్నాను. సాయంత్రం పూట కింద బాస్కెట్‌బాల్ పిల్లలు ఆట నేర్చుకునేవాళ్లు. నేర్పే మనిషి ఫరూఖ్ సారు. హైదరాబాద్ మనిషి, రాఫెల్స్ ప్లేస్‌లో ఏదో బ్యాంకు కంప్యూటర్ల పని. ఆ రోజుల్లో మనవాళ్లు అక్కడ రైలు దిగితే ప్లాట్‌ఫారం నిండిపోయేది. అందరూ పని అయ్యాక ఇంటికి పోతే ఈయన బుకిట్ పంజాంగ్‌లో కొత్తగా పడిన చిన్న రైలెక్కి హాలుకు వచ్చేవాడు. టై మడిచి జేబులో పెట్టుకుని, చొక్కా చేతులు పైకి మడుచుకుని, ముందు తువ్వాలు తీసేవాడు. బంతి కాదు, తువ్వాలు.

పిల్లల చేత నేల తుడిపించేవాడు. తుడిచాక తాను ఒక మూల గొంతుకు కూర్చుని, వెలుతురు వచ్చే వైపుకు చూపు ఆనించి నేలంతా చూసేవాడు. మా ఊళ్లో నారుమడి చదును చూసే రైతు అట్లాగే కూర్చుంటాడు. ఎక్కడ తడి మెరిస్తే అక్కడికి వేలు చూపించేవాడు. అరవడం నేను ఒక్కనాడూ వినలేదు.

ఆయనకు తెలుగు వచ్చని మాకు తెలిసింది బసవయ్య వల్ల. బసవయ్యది మార్కాపురం దగ్గర మా పక్క ఊరు, ఒకే గదిలో ఉంటాం. ఒకరోజు పైన పని చేస్తూ పానా కాలి మీద పడేసుకుని, ఆ పానాను, దాన్ని చేసినవాణ్ని, వాడి తాతను తిట్టాడు. కింద సారు తలెత్తి నవ్వాడు.

"తాతనెందుకు భాయ్, పాపం. ఏ జిల్లా మీది?" అన్నాడు.

పని అయిపోయినా ఆదివారం ఆటలకు పోవడం మానలేదు. మొదట్లో ఫ్యాన్ల కోసం పోయాం. పెద్ద ఫ్యాన్లు, వీపు ఆనే కుర్చీలు, టిక్కెట్టు లేదు. తర్వాత ఆట కోసం పోయాం. బసవయ్య గంట ముందే వెళ్లి మూడో వరుసంతా మా తువ్వాళ్లు పరిచి చోప్ చేసేవాడు, చోటు పట్టడాన్ని అక్కడ అట్లా అంటారు. సోమవారం పొద్దున వాడికి గొంతు ఉండేది కాదు. మా గదివాళ్లకు అదొక సుఖం.

కాలేజీల పోటీలో క్వార్టర్ ఫైనల్ రోజున వాన వచ్చింది. నేను ఆట చూడలేదు, ఆ అతుకు చూస్తూ కూర్చున్నాను. రెండో సగంలో చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. సారు చూశాడు. లేచి రిఫరీకి చేత్తో చూపించాడు. రిఫరీ ఆట సాగనివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు. సారు మళ్లీ చూపించాడు. రిఫరీ ఈసారి చూడనే లేదు. బంతి ఆ చివర ఉంది. అక్కడి నుంచి అవతలి జట్టు పిల్లవాడొకడు బంతి లాక్కుని పరుగు అందుకున్నాడు. తిన్నగా ఆ తడి మీదికే వస్తున్నాడు. సారు తువ్వాలుతో కోర్టులోకి నడిచాడు. పరుగెత్తలేదు. మోకాలి మీద కూర్చుని తుడిచాడు. విజిల్ మోగింది. పిల్లవాడు ఆయన ముందు ఆగి, నేల చూసి, ఆయన మొహం చూశాడు.

మావాళ్లు ఆ ఆట గెలిచారు. మంగళవారం ఆటల కమిటీ నుంచి కాగితం వచ్చింది. ఆట నడుస్తుండగా కోచ్ కోర్టులో కాలు పెడితే రెండు ఆటల సస్పెన్షన్. ఎందుకు పెట్టాడని రూలు అడగదు. సారుకు సెమీఫైనల్, ఫైనల్ రెండూ పోయాయి. ఆ రెండు రోజులూ కాలేజీ గేటు లోపలికి రాకూడదు. ఫోనులో గానీ, చీటీతో గానీ, మనిషి చేత గానీ జట్టుకు మాట పంపకూడదు. పంపినట్టు తేలితే ఆ ఆట ఎదుటి జట్టుకు ఇచ్చేస్తారు, కోచ్‌ను ఏడాది పాటు తీసేస్తారు.

"నీళ్లు తుడిచినోడికి శిక్ష. నీళ్లు కారేట్టు రేకులు ఏసినోడికి ఏం లేదు" అన్నాడు బసవయ్య, అన్నం కలుపుతూ. తర్వాత నా వైపు చూసి, మన సంగతి గుర్తొచ్చి, తల వంచుకుని తిన్నాడు.

సెమీఫైనల్‌కు లెక్కల టీచరమ్మను బెంచీ మీద కూర్చోబెట్టారు, ఎవరో ఒక పెద్ద ఉండాలి గనక. బంతి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె కాళ్లు పైకి తీసుకునేది. పిల్లలు ఎట్లాగో గెలిచారు, మూడు పాయింట్లతో. జట్టు పెద్ద బాలు. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్లవాడు, తెలుగు వింటాడు, ఇంగ్లీషులో జవాబు చెబుతాడు. ఆట అయ్యాక కూడా వాడు ఖాళీగా ఉన్న కోచ్ కుర్చీ వైపే చూశాడు.

ఫైనల్‌కు ముందు రోజు, శనివారం సాయంత్రం, బసవయ్య నన్ను వెంటబెట్టుకుని సారు ఉండే ఫ్లాట్ల కిందికి పోయాడు. అక్కడ హాకర్ కొట్టులో టీ తాగుతూ దొరికాడు.

"సార్, మా గదిలో ఒక ఫోనుంది" అన్నాడు బసవయ్య. "మీరు రోడ్డు అవతల కూకోండి. ఆట ఎట్టా నడస్తందో నేను ఫోనులో చెబతా. మీరు చెప్పింది నేను తెలుగులో అరస్తా. బాలుకి తెలుస్తది. ఆ రిఫరీకి తెలుగొచ్చా, ఆళ్ల నాయనకొచ్చా?"

సారు నవ్వలేదు. "మంచిగనే ఉంది ఉపాయం" అన్నాడు. "నేను మొన్న సెమీఫైనల్ నుంచి గిదే ఆలోచిస్తున్న."

"మరింకేంది?"

"దానయ్య భాయ్" అని సారు నా వైపు తిరిగాడు. "మూడు నెలలు నువ్వు పైన పని చేస్తుంటే నేను కింది నుంచి చూసిన. మేస్త్రీ ఉన్నా లేకున్నా, పడకుండ కట్టుకునే బెల్టు హుక్కు తియ్యలే. ఎందుకు?"

"అలవాటు సార్" అన్నాను.

"ఈడికి బయమండీ" అన్నాడు బసవయ్య.

"అదే. నాకు గూడ బయమే" అన్నాడు సారు. "పిల్లలకు రెండేండ్ల నుంచి చెప్తున్న, రిఫరీ చూడనప్పుడు గూడ చెయ్యి ఎత్తి ఫౌల్ ఒప్పుకొమ్మని. ఇప్పుడు నేను రోడ్డు అవతల కూసొని తెలుగుల ఆట ఆడిస్తే, ఆ పోరడు బాలు నా మొఖం ఎట్ల చూస్తడు?"

"రూలే తప్పు గదా సార్."

"తప్పే. బిల్కుల్ తప్పు. మార్పిస్త. ఆదివారం లోపల మార్పియ్యలేను గద."

తర్వాత ఆయన తన నోకియా ఫోను తీశాడు. వెనక మూత ఊడదీసి బ్యాటరీ బయటికి తీశాడు. బ్యాటరీ తన జేబులో వేసుకుని ఫోను నా చేతిలో పెట్టాడు.

"ఇది రేపు ఆట అయ్యేదాంక నీ దగ్గర పెట్టు. ఇంట్ల పెడితే టాక్సీ ఎక్కి పోయి తెచ్చుకుంట, నా సంగతి నాకు ఎరుకే. ఫోను నీ దగ్గర, బ్యాటరీ నా దగ్గర. ఇద్దరం కలిస్తే గాని తప్పు జరగదు."

లిఫ్టు దాటి రోడ్డెక్కాక బసవయ్య, "ఇట్టాంటోడికి ఎవుడన్నా సస్పెన్షన్ ఏస్తాడంట్రా" అన్నాడు.

ఆదివారం పొద్దుటి నుంచే మబ్బు. మేం గేటు దగ్గరికి వచ్చేసరికి సారు రోడ్డు అవతలి బస్టాపులో ఉన్నాడు. బెంచీ మీద హాలుకు వీపు పెట్టి కూర్చున్నాడు. చేతిలో తెల్ల కాగితాల ప్యాడు. మమ్మల్ని చూసి చెయ్యెత్తాడు, మాట్లాడలేదు. మేమూ రోడ్డు దాటలేదు.

ఆట కఠినంగా ఉంది. అవతలి పిల్లలు పొడుగరులు. బసవయ్య మొదట నోరు కట్టుకున్నాడు, తువ్వాలు నోట్లో కుక్కుకుని. అయితే మా ఊళ్లల్లో కబడ్డీ ఆడుతుంటే గట్టు మీద నిలబడ్డ ప్రతివాడూ కూతవాడికి దారి చెప్పాల్సిందే, చెప్పకపోతే చూసినట్టు కాదు. మావాళ్లు ఆరు పాయింట్లు వెనకబడేసరికి తువ్వాలు జారిపోయింది.

"బాలూ, ఎడంపక్క ఖాళీరా అబ్బాయా. ఎడంపక్క. వాణ్ని ఒదిలెయ్, వాడికి కాలు లెగవట్లా."

మా వరుసలో ఇరవై మందిమీ అందుకున్నాం. నేను కూడా ఒకసారి "ఎడంపక్క" అన్నాను. బాలు తలెత్తి చూశాడు. వాడికి అర్థమైంది. ఎడమ పక్కకు బంతి వేశాడు, బుట్టలో పడింది. అవతలి బెంచీవాళ్లు అది చూశారు. మా చొక్కాలు చూశారు, మా రంగు చూశారు, నా జేబులో ఎత్తుగా ఉన్న ఫోను చూశారు.

వాళ్లు ఫిర్యాదు చేసినట్టున్నారు, సగం ఆట విజిల్ మోగగానే కమిటీ పెద్దాయన మా వరుసలోకి వచ్చాడు. అరవై దాటిన చైనా ముసలాయన, మెడలో కార్డు, చంకలో రూల్స్ పుస్తకం. వెనకాల బాలు, మాట తిప్పి చెప్పడానికి.

"అంకుల్, హీ ఈజ్ ఆస్కింగ్, ఎవరి ఫోన్ అది" అన్నాడు బాలు. ఆట ఎదుటివాళ్లకు పోతుందని వాడికి తెలుసు. సారుకు ఏడాది పోతుందని కూడా తెలుసు.

నాదేనంటే సరిపోయేది. బసవయ్య మోచేత్తో నన్ను పొడిచాడు కూడా.

"ఫరూఖ్ సార్‌ది" అన్నాను.

బసవయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. పెద్దాయన చెయ్యి చాపాడు. నేను వెనక మూత తీసి ఇచ్చాను. బ్యాటరీ ఉండాల్సిన గుంత ఖాళీగా ఉంది. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి ఆ గుంతలోకి చూశాడు.

"బ్యాటరీ?"

"బస్టాప్" అన్నాను.

ఆయన గొడుగు తీసుకుని బయటికి పోయాడు. అప్పటికి వాన మొదలైంది. పిల్లలు నీళ్లు తాగడం మానేసి గుమ్మం వైపు చూస్తున్నారు. నేను కప్పు వైపు చూశాను. చుక్క వేలాడుతోంది.

ఆయన తిరిగి వచ్చేసరికి బూట్లు తడిసిపోయాయి. బాలుతో నెమ్మదిగా ఏదో చెప్పాడు. బాలు మా వైపు తిరిగి ఆ మాట చెప్పాడు.

"కోచ్ పాకెట్‌లో బ్యాటరీ ఉందంట. కోచ్ స్కోర్ అడగలేదంట. ఓన్లీ వన్ థింగ్ అడిగాడంట, ఫ్లోర్ డ్రైగా ఉందా అని."

పెద్దాయన తానే కోర్టులోకి పోయాడు. వంగి చూశాడు. ఆయన బట్టతల మీదే చుక్క పడింది. ఎవరూ నవ్వలేదు, బసవయ్య తప్ప.

నేను కిందికి దిగాను. నాకు ఇంగ్లీషు రాదు. భుజం మీది తువ్వాలు తీసి చూపించాను, నేల చూపించాను.

"కెన్?" అన్నాను, తుడవొచ్చా అన్నట్టు.

ఆయన పుస్తకం తెరిచి, ఒక పేజీ దగ్గర వేలు పెట్టి చదివి, మూశాడు. మెడలోని విజిల్ చూపించాడు. అది మోగి ఆట ఆగాకే లోపలికి పోవాలి, మళ్లీ మోగేలోపు బయటికి రావాలి.

"కెన్" అన్నాడు.

రెండో సగం ఆట ఎట్లా నడిచిందో నన్ను అడగొద్దు. నేను గీత బయట గొంతుకు కూర్చుని వెలుతురు వైపు నుంచి నేల చూస్తూ ఉన్నాను. విజిల్ మోగినప్పుడల్లా పోయి తుడిచి వచ్చాను. పదమూడు సార్లు. పైన మా వరుస నోరు మూసుకుంది. బసవయ్య ఎవరైనా నోరు తెరిస్తే గుద్దుతున్నాడట.

చివరి నిమిషంలో ఒక పాయింటు వెనకబడి ఉండగా బాలుకు రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి, ఆ బుట్టకే. నేను తుడిచి బయటికి రాగానే వాడు పాదంతో నేల ఒకసారి రాసి చూసుకున్నాడు. హాలంతా గమ్మునైపోయింది. వాన చప్పుడు మాత్రం రేకుల మీద వినిపించింది.

ఆట అయ్యాక నేను రోడ్డు దాటి బస్టాపుకు పోయాను. మిగతావాళ్లు లోపల గంతులు వేస్తున్నారు. సారు ఇంకా అట్లాగే కూర్చుని ఉన్నాడు, ప్యాడు మీద మూడు పేజీలు రాసి. ఫోను ఇచ్చాను. జేబులోంచి బ్యాటరీ తీసి వేశాడు. మొదట తిరగేసి పెట్టాడు.

"రెండు సార్లు అందరు గమ్మునైన్రు, రెండు సార్లు అరిచిన్రు" అన్నాడు. "ఫ్రీ త్రోలే గద? రెండూ పడ్డయా?"

"రెండూ పడ్డాయి సార్. ఒక పాయింటుతో."

ఆయన మొహం రెండు చేతులతో తుడుచుకున్నాడు. వానజల్లు అక్కడి దాకా రావడం లేదు.

కాసేపటికి ప్యాడు తిప్పి చూపించాడు. కమిటీకి ఉత్తరం. నేల మీద తడి ఉంటే రిఫరీ ఆట ఆపాలని, ఆపకపోతే లోపలికి పోయినవాడు ఎందుకు పోయాడో అడగాలని. కాలేజీకి వేరే కాగితం, పైకప్పు సంగతి.

"ఎక్కడ కారుతుందో సరిగ చెప్పు, రాస్త."

నేను చెప్పాను. తర్వాత ఇంకొక మాట కూడా చెప్పాను. "ఆ అతుకు మాదే సార్."

"ఎరుకే" అన్నాడు రాస్తూనే. "మేస్త్రీకి చెప్తుంటివి గద, అప్పుడు నేను కిందనే ఉన్న."

ఉత్తరం పోయిన పదిహేను రోజులకు మేస్త్రీ నన్నే పంపాడు. చక్రాల సారవ తోసుకుపోయేసరికి సాయంత్రమైంది, పిల్లలు నేల తుడుస్తున్నారు. నేను పైకెక్కి అతుకు విప్పి మళ్లీ వేశాను. కిందికి చూస్తే ఫరూఖ్ సారు సారవ కాలు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు, టై జేబులో. హుక్కు తగిలించావా అని అడగలేదు.