అన్ని పేజీల అడుగున

బియ్యం కడుగుతుంటే మా ఆయన చుంగ్-వెయ్ దుకాణంలోంచి కేకేశాడు, వెబ్‌సైట్‌లో ఏ పేజీ తెరిచినా తెల్లగా వస్తోందని.

మాది కుమ్మరుల ఊరైన యింగ్గలో టీ కూజాల దుకాణం. శరత్ పూర్ణిమ కానుకల ఆర్డర్లన్నీ సైట్ మీదే వస్తాయి. చేతులు తుడుచుకుని వెళ్లేసరికి అత్తయ్య సర్వర్ మీది చిరుతిండి పొట్లాన్ని తిప్పి చూస్తోంది. ఆకుపచ్చ పొట్లం పెడితే యంత్రం మాట వింటుందని, గడువు తీరితే మొరాయిస్తుందని మా వాళ్లందరి నమ్మకం.

"నిన్నటితో గడువు అయిపోయింది కదరా. చూసుకోవద్దూ?" అంది కొడుకుతో.

తప్పు పొట్లానిది కాదు. పొద్దున్న ఆయన ఫోల్డర్లు సర్దాడు. మా రెండు వందల పన్నెండు పేజీలూ తమ పైభాగాన్నీ అడుగుభాగాన్నీ ఒకే ఫోల్డర్ నుంచి తెచ్చుకుంటాయి. అక్కడికి దారి ప్రతి పేజీలోనూ నేనే రాశాను, ఆరేళ్ల కిందట, పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని. ఆయన ఆ ఫోల్డర్‌ను 'పాతవి' అనే దాంట్లో పడేశాడు.

"ఒక్క బొమ్మ కూడా లేదందులో. పనికిరానిదనుకున్నా," అన్నాడు.

పోయిన వారం కుమ్మరుల సంఘం విందులో ఎవరో సైట్ బాగుందన్నారు. తమ్ముడూ తనూ కలిసి చేశామని, నేను కాస్త టైపింగ్ సాయం చేశానని చెప్పాడు. నేనప్పుడు అందరికీ సూప్ పోస్తున్నాను.

ఫోల్డర్‌ను వెనక్కి పెడితే సరిపోయేది. కానీ మళ్లీ సర్దుతాడు. అందుకే సెట్టింగుల్లో ఒక్క వరుస రాశాను: ఈ పేరుతో ఏ పేజీ అడిగినా ఇక్కడ వెతుకు. పేజీల్లోని పాత దారులన్నీ ఆ పేరుకు మార్చాను. ఇక ఫోల్డర్ ఎక్కడికి పోయినా ఆ ఒక్క వరుస మారిస్తే చాలు. గంటన్నరలో సైట్ తిరిగొచ్చింది.

అత్తయ్య అప్పటికే కొత్త పొట్లం తెప్పించి పెట్టింది. తల్లీకొడుకులు దానికి దండం పెట్టారు. తర్వాత ఆయన నా వైపు తిరిగి, అన్నం అయిందా అని అడిగాడు.

లేవలేదు. అడుగుభాగం ఫైలు తెరిచాను. 'రూపకల్పన: లిన్ సోదరులు' అని ఆయన ఇంటిపేరుతో ఉంది. ఆయన చెబితే ఆ మాటా నేనే టైపు చేశాను. చెరిపి, షూ మెయ్-చిన్ అని నా పేరు రాశాను.

చుంగ్-వెయ్ ఫోన్‌లో చూసి, గొంతు తగ్గించి, "ఏ పేజీలో పెట్టావది? అమ్మ చూడకముందే తీసెయ్," అన్నాడు.

"అన్నిట్లోనూ ఉంది. తీయాలంటే ఒక్క ఫైలే, ఎక్కడుందో వెతుక్కో," అన్నాను. "బియ్యం కడిగే పెట్టాను. అవి వంటింట్లో ఉన్నాయి."