మాట అందించే మనిషి

"నీ పాఠం మీ డిపార్ట్‌మెంట్ హెడ్ చెప్తే ఏం పోయింది? పిల్లలకి నాలుగు ముక్కలొస్తే చాలదూ?" అన్నాడు భర్త, స్నానాల గదిలోంచి టవల్ కోసం చెయ్యి చాపుతూ. ఆమె టవల్ అందించింది. పొంగబోతున్న పాలు దించింది. "బోర్డు మీద నాలుగు మాటలు రాసొచ్చేదానికి ఇంత నీరసమేంటమ్మా?" అని అత్తగారు అడిగితే, "ఏం లేదత్తయ్యా" అంది. నిజంగానే ఏమీ లేదు. కనీసం కోపమైనా వస్తే బాగుండేదనిపించింది. అదీ రాలేదు.

ఆమె ఒకేషనల్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. వెల్డింగూ ఫిట్టింగూ నేర్చుకోవడానికొచ్చిన పిల్లలు. డిక్షనరీ ఇచ్చి బట్టీ పట్టమంటే మొహాలు వేలాడేసేవారు. అందుకని పాఠాన్ని వర్క్‌షాపులోకి మార్చింది. ‘టైటెన్’ అనిపిస్తూ స్పానర్ బిగింపించింది, ‘లూజెన్’ అనిపిస్తూ వదులు చేయించింది. తెలియని మాట తగిలితే బెదిరిపోకుండా, ముందూ వెనకా ఉన్న మాటల్ని పట్టుకుని అర్థం ఊహించడం నేర్పింది. నేర్పిన మాటల్నే మర్నాడొకసారి, వారం పోయాక ఒకసారి మళ్ళీ అడిగేది. ఎన్నడూ నోరు విప్పని వెల్డింగ్ అమ్మాయి ఒకరోజు పెళుసుబారి విరిగిన కడ్డీ పట్టుకొచ్చి, "మేడమ్, ది రాడ్ ఈజ్ బ్రిటిల్, సో ఇట్ బ్రోక్" అనేసి నాలిక్కరుచుకుంది. క్లాసంతా చప్పట్లు.

ఆ పద్ధతి చూడడానికి పై అధికారులు వస్తున్నారని తెలిసిన రోజే ప్రిన్సిపాల్ ఆమెను పిలిచాడు. "హెడ్ గారు చెప్తార్లెండమ్మా. మీకసలే ఇంటి బాధ్యతలు. ఆయనకి కాస్త నేర్పి పెట్టండి." నేర్పి పెట్టింది. టీల సంగతీ ఆమెకే అప్పజెప్పారు.

ఈ పూట సెమినార్ గదిలో హెడ్ "నా పద్ధతి, నా పద్ధతి" అంటూ గడగడా చెప్పుకుపోయాడు. ఆమె గది వెనక వైపు నిలబడి కప్పులు సర్దుతోంది. వచ్చినవాళ్ళలో ఒక పెద్దావిడ చెయ్యెత్తింది.

"వాక్యంలో సగం మాటలు తెలియని పిల్లాడు అర్థం ఎలా ఊహిస్తాడండీ? వాడిచేత ఏం చేయిస్తారు?"

హెడ్ నవ్వాడు. తర్వాత, వెనక కప్పుల దగ్గరున్న ఆమె వైపు చూశాడు. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో తెలియనప్పుడు భర్త చూసే చూపే అది.

జవాబు ఆమె నాలుక చివరే ఉంది. అలాంటి పిల్లాణ్ణి ఊహించమనకూడదు. ముందు వస్తువు చేతికిచ్చి, చేసి చూపించాలి. మామూలుగా అయితే ఈపాటికి అందించేసేది. ఇవాళ పెదవి కదల్లేదు. పగ కాదు, సంతోషమూ కాదు. తిమ్మిరెక్కిన చెయ్యిలా ఉంది లోపలంతా.

ట్రే బల్ల మీద పెట్టింది. ముందు వరసలో ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చెప్పండి సార్," అంది. "నేనూ వింటాను."