అన్నీ అత్యవసరమే

నేను ఒక రబ్బరు ముద్రను. కర్ర పిడి, ఎర్ర సిరా, ఒంటి మీద ఒకే మాట: ‘అత్యవసరం’. బస్టాండు పక్క దుకాణంలో నన్ను తయారుచేసి మున్సిపల్ ఆఫీసు నీళ్ల విభాగానికి పంపినప్పుడు, పెద్ద పదవే దొరికిందని మురిసిపోయాను.

గుమాస్తా అప్పలనర్సయ్య చేతిలో పడ్డాక ఆ మురిపెం నాలుగు రోజులు నిలవలేదు. ఆయన మంచివాడే, మొహమాటం ఎక్కువ. కాగితం తెచ్చిన ప్రతివాడూ “దీని మీదా ఓటి కొట్టీండి బాబూ” అనడం, ఆయన కొట్టేయడం. కుర్చీ గుడ్డలకు కొట్టాడు, సన్మాన సభ ఏర్పాట్లకు కొట్టాడు, ఒకసారి తన సెలవు చీటీకే కొట్టుకున్నాడు. మనుషులందరికీ తమ పనే తొందర, పక్కవాడిది ఎప్పుడైనా చూసుకోవచ్చు.

హైమవతి గారు కొత్తగా ఇంజనీరుగా వచ్చిన వారంలోనే దర్జీల వీధి నుంచి పైడమ్మ అనే ఆవిడ వచ్చింది.

“కొళాయిలో మురుగొస్తంది బావూ. అర్జీ ఇచ్చి తొమ్మిది రోజులయ్యింది. పిల్లలకి ఇరేసనాలు పట్టుకున్నాయి, బేగి సూడండి.”

“నేనేటి సేస్తానమ్మా, ముద్ర కొట్టే పంపినాను” అన్నాడు నర్సయ్య.

హైమవతి గారు విన్నారు. తన బల్ల మీది కట్ట విప్పించారు. నలభై ఒక్క కాగితాలు, అన్నిటి మీదా నేనే. పైడమ్మ అర్జీ అడుగు నుంచి మూడోది. ఆ పిల్లల జబ్బులో నా పాలూ ఉందని తెలిసి సిగ్గుతో కుంగిపోయాను.

హైమవతి గారు కేకలేయలేదు. “నర్సయ్య గారూ, ఒక్కో కాగితం తీసి ఒకటే అడగండి. ఇది రేపటికి ఆగితే ఎవరికి దెబ్బ?”

“కుర్చీ గుడ్డలు... ఎవరికీ నేదమ్మా. సన్మానం... నేదు.” గొంతు తగ్గుతూ వచ్చింది. చివరికి చేతిలో ఒకటే మిగిలింది. అప్పటికప్పుడు మనుషులు వెళ్లి కాలువ పక్క పగిలిన గొట్టం పట్టుకున్నారు. సాయంత్రానికి వీధిలోకి నీళ్ల ట్యాంకరు వచ్చింది, మూడో రోజుకి గొట్టం బాగైంది.

ఇప్పుడు నాకు వారానికి ఒకసారి పని ఉంటే ఎక్కువ. ఎవరైనా ముద్ర అడిగితే నర్సయ్య “ఆగితే ఎవరికి దెబ్బండీ?” అంటాడు. కొందరు మూతి ముడుచుకుంటారు, కొందరు ఆలోచనలో పడి కాగితం వెనక్కి తీసుకుంటారు.

నిన్న పైడమ్మ మళ్లీ వచ్చింది. పిల్లలు బడికెళ్తున్నారని చెప్పి, కొళాయి నీళ్లు పట్టిన సీసా బల్ల మీద పెట్టింది. నర్సయ్య మూత తీసి, ఆవిడ ఎదుటే సగం సీసా తాగాడు.