ముందే పలికే అత్తయ్య, పలకని సర్వరు

పొద్దున లేస్తూనే అత్తయ్య, "బాత్రూం కిటికీలో," అంది. కొడుకు వెళ్ళి కిటికీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, అప్పుడు అడిగాడు: "నా కళ్ళజోడు ఎక్కడమ్మా?"

అడక్కపోతే కుదరదు. అత్తయ్య జవాబులు ఎప్పుడూ ప్రశ్నల కంటే ముందే వస్తాయి. జవాబు ఎవరిదో వాళ్ళు నోరు తెరిచి ప్రశ్న అడిగేదాకా, విన్నవాళ్ళందరికీ తల పగిలిపోతుంది. ఆవిడ జవాబు తప్పిందీ లేదు, వీధిలో ఎవరూ దాన్ని వింతగా చూసిందీ లేదు. పక్కింటావిడైతే చక్కెర కోసం వచ్చి, గేటు దగ్గరే "లేదు" అని విని, మర్యాదగా అడిగి మరీ వెళ్తుంది.

కోడలికి ఆ రోజు వేరే తలనొప్పి ఉంది. ఆవిడ కంటి ఆసుపత్రిలో టోకెన్ల మనిషి. చుక్కలు వేయించుకుని కళ్ళు మూసుకు కూర్చున్నవాళ్ళకు బోర్డు పెట్టి లాభం లేదు కాబట్టి పేర్లు అరిచి పిలవాలి, వచ్చేదెవరో లోపల డాక్టరుకూ అరిచి చెప్పాలి. అరిచీ అరిచీ గొంతు పూర్తిగా పోయింది.

"బయటివాళ్ళను భుజం తట్టి లేపుతాను సార్, మీకు పేరు కంప్యూటర్లో పంపిస్తాను," అని వారం కిందటే రాని గొంతుతో బతిమాలింది.

"వారంలోగా నా తెర మీద పేరు పడాలి. లేకపోతే గొంతున్న మనిషిని పెట్టుకుంటా," అన్నాడు డాక్టరు. గొంతున్న మనిషంటే ఆయన మరదలే. ఆవిడ గుసగుసలాడితే రెండు వీధుల అవతల కుక్కలు లేస్తాయి.

అంతకుముందు కోడలు కంప్యూటర్లో చేసిన ఘనకార్యం పేకాట ఒక్కటే. ఉచిత పాఠాలు చూసి, ప్రోగ్రాములు రాసే పైథాన్ భాష మొదలుపెట్టింది. వరుస ముందు ఒక్క ఖాళీ తక్కువైతే చాలు, అది అలిగేది. మొగుడి అలక నయం, కనీసం తెలుగులో ఉంటుంది. సర్వరంటే చెవి ఒగ్గి కూర్చునే ప్రోగ్రామనీ, క్లయింటంటే దాన్ని పిలిచే ప్రోగ్రామనీ ఎలాగో ఒంటబట్టించుకుంది. ఇంట్లో ఒకే కంప్యూటర్లో రెండింటినీ నడిపితే ఒకటి పిలిచింది, రెండోది పలికింది. కోడలు కళ్ళు తుడుచుకుంది.

"నీతో నువ్వే మాట్లాడుకోడానికి కంప్యూటరెందుకే?" అన్నాడు మొగుడు.

ఆయన జన్మలో అన్న ఒకే ఒక్క తెలివైన మాట అది. ఆ సంగతి ఆయనకూ తెలియదు, ఆవిడకూ తెలియదు. పాఠంలో ఉన్న చిరునామాను కోడలు ఉన్నదున్నట్టు దింపేసింది. ఆ చిరునామాకు అర్థం 'నేనే' అని. అలాంటి సర్వరు తనున్న కంప్యూటరు మాట తప్ప లోకంలో ఇంకెవరి మాటా వినదు.

గడువు ముగిసే ఆ రోజు మధ్యాహ్నం, ఆసుపత్రి మూసి ఉన్నంతసేపూ డాక్టరు గదిలో సర్వరు, తన బల్ల మీద క్లయింటు పెట్టి పిలుస్తూనే ఉంది. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్', పలకను పొమ్మని అంటూనే ఉంది అది.

"తీగ వదులైందేమో అమ్మాయ్," అన్నాడు ముసలి కంపౌండరు.

"బిగించా బాబాయ్." గాలి తప్ప గొంతు రాలేదు.

"ఆపి మళ్ళీ పెట్టి చూడు."

"పెట్టా."

"అయితే నా విద్య అయిపోయింది తల్లీ."

కోడలు నుదురు కీబోర్డు మీద ఆనించింది. తెర నిండా అర్థం లేని అక్షరాలు పరుగెత్తాయి. గొంతు లేని టోకెన్ల మనిషిని ఊళ్ళో ఇంకెవరు పెట్టుకుంటారు?

సాయంత్రం తలుపులు తెరిచారు. బెంచీలు నిండాయి. కంటి పరీక్షకొచ్చిన అత్తయ్య కూడా చుక్కలు వేయించుకుని వరుసలో కూర్చుంది. డాక్టరు మరదలు కుర్చీలో వేసుకోడానికి దిండు కూడా తెచ్చుకుంది, అంత నమ్మకం.

డాక్టరు బయటికొచ్చి, "పడలేదే పేరు?" అన్నాడు.

కోడలు తెర ఆయన వైపు తిప్పింది. ఆయన చూశాడు. మరదలి వైపు చూశాడు. చెప్పాల్సింది చెప్పడానికి ఊపిరి తీశాడు.

"ఉంటుంది. రేపటికి పలుకుతుంది," అంది అత్తయ్య, కళ్ళు తెరవకుండానే.

హాలంతా ఒక్కసారి తలలు పట్టుకుంది.

"నేనేమీ అడగలేదు పెద్దమ్మా!"

"అందుకేగా నాయనా నొప్పి."

డాక్టరు పళ్ళు బిగించి నిలబడ్డాడు. చదువుకున్నవాడు కదా, ఓర్చుకుందామనుకున్నాడు.

"అడిగేయండి సార్," అన్నాడు కంపౌండరు. "చుక్కల మంటే నయం."

"అడిగి చావండి బావా!" అని మరదలు అరిచింది. కిటికీ అద్దాలు మోగాయి. తలనొప్పిలో ఆ గొంతు విన్నాక డాక్టరుకు ఇంకో దారి కనబడలేదు.

"ఈవిడ ఉద్యోగంలో ఉంటుందా? ఆ దిక్కుమాలింది ఎప్పటికి పలుకుతుంది?"

అందరి తలలూ తేలికపడ్డాయి. మరదలు దిండు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

కోడలు మాత్రం అత్తయ్య పెదవుల వైపే చూస్తూ నిలబడింది. ఎలా పలుకుతుందన్నదానికి కూడా ఓ జవాబు రాకపోతుందా అని చాలాసేపు చూసింది. రాలేదు.

రాలేదంటే, ఆ ప్రశ్న తను అత్తయ్యను అడగబోవడం లేదన్నమాట.

కుర్చీ ముందుకు లాక్కుని, ప్రోగ్రాం మొదటి వరుస నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.