సారంగు తాడు వదిలాడా

లిఫ్టు మెకానిక్కుకి పుస్తకాలతో వైరం లేదు, స్నేహమూ లేదు. పగలంతా లిఫ్టు గోతుల్లోకి దిగి, మోటారు గదుల్లోకి ఎక్కి, మోచేతుల దాకా గ్రీజుతో ఇంటికొచ్చే మనిషి. రెండు పేజీలు తిరగేసేసరికి రెప్పలు వాలిపోయేవి. ఆయన ఒక్కగానొక్క కూతురు మాత్రం పుస్తకం చేతికి దొరికితే తిండి కూడా మర్చిపోయేది. ఇంట్లో దాన్ని పిట్ట అనేవాళ్ళు. పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు చేసిచ్చే ల్యాబులో దాని ఉద్యోగం. పగలు మైనంతో పళ్ళు మలిచిన ఆ వేళ్ళే సాయంత్రం కాగానే సారంగు నవలల పేజీలు తిరగేసేవి.

సారంగు సినిమా హీరో. ఓ పాత పడవేసుకుని సముద్రాలన్నీ తిరుగుతూ, మునిగిపోయేవాళ్ళని ఒడ్డుకి లాక్కొచ్చే సాహసి. సినిమాలు బాగా ఆడేసరికి వాటిని నవలలుగా రాయించి అమ్మడం మొదలుపెట్టారు. ఒక్కో సినిమాకి ఇద్దరు రచయితలు, రెండు నవలలు. ఒకాయనవి నీలం అట్టతో వచ్చేవి, ఇంకొకాయనవి ఎర్ర అట్టతో. కథ ఒకటే, కానీ సినిమాలో చూపించకుండా వదిలేసిన చోట్లని ఎవరికి తోచినట్టు వాళ్ళు పూరించేవారు. దాంతో అభిమానులు రెండు ముఠాలైపోయారు.

నెలకో ఆదివారం మధ్యాహ్నం ఓ బేకరీ మీది గదిలో చేరి, రెండు నవలలూ పక్కపక్కన పెట్టుకుని కొట్టుకునేవాళ్ళు. పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన ఒకాయన వాళ్ళకి పెద్దదిక్కు. సారంగు కుక్క కుంటిదా కాదా అన్న గొడవలో ఆయనా, ఓ టాక్సీ డ్రైవరూ కొన్నాళ్ళు మాటలు మానేశారట. పిట్ట ఇంటికొచ్చి ఇవన్నీ పూసగుచ్చినట్టు చెప్తుంటే తల్లి పని చేసుకుంటూ నవ్వేది. తండ్రి ఊఁ కొడుతూనే కునుకు తీసేవాడు.

వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో పిట్టకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. అది మెదడుకెక్కింది. ముందు మాట తడబడింది, తర్వాత మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది, ఆ తర్వాత కళ్ళు తెరవలేదు. ఆసుపత్రిలో ఊపిరికి మిషను పెట్టారు. చివరికి డాక్టరమ్మ తల్లిదండ్రులిద్దర్నీ ఓ చిన్న గదిలో కూర్చోబెట్టి, ఇక పిల్ల తిరిగి రాదనీ, ఊపిరి పీలుస్తున్నది మిషనే కానీ పిల్ల కాదనీ, ఉంచాలో తీసేయాలో మీరే చెప్పాలనీ మెల్లగా చెప్పింది. తల్లి గోడవైపు తిరిగిపోయింది. చెప్పాల్సిన వంతు ఆయనదే అయింది.

"తీసేయండి" అన్నాడు.

ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన పనికి వెళ్తున్నాడు, వస్తున్నాడు. ఆవిడ వండుతోంది, పెడుతోంది. చుట్టాలెవరైనా అడిగితే జ్వరంతో పోయిందనేవాళ్ళు. అది అబద్ధమేం కాదు.

కొన్ని వారాలకి పోస్టుమాస్టరు ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారం మూడో సినిమాలోని దీపస్తంభం సీను మీద చర్చ పెట్టామని, అందులో మాట్లాడాల్సింది అసలు పిట్టేనని, మీరొచ్చి ఆ గదిలో కాసేపు కూర్చుంటే మాకు కొంచెం ధైర్యంగా ఉంటుందని అన్నాడు. మెకానిక్కు కుదరదన్నాడు. ఫోన్ పెట్టేశాక మళ్ళీ తనే చేసి, వస్తానన్నాడు. ఊరికే కూర్చోను, చదివొచ్చి నాలుగు మాటలు మాట్లాడతానన్నాడు.

పిట్ట అలమరలోంచి ఆ సినిమా నవలలు రెండూ తీసుకున్నాడు. అది ఏ అట్ట వైపో ఆయనకి తెలీదు. అది చెప్పే ఉంటుంది, ఒకసారి కాదు, వందసార్లు. ఆయనకి గుర్తున్నది దాని గొంతు ఒక్కటే.

మధ్యాహ్నం భోజనం వేళల్లో మోటారు గదుల్లో కూర్చుని, పనిముట్ల సంచి వీపుకి ఆనించుకుని, చిన్నపిల్లాడిలా వేలు పెట్టుకుని చదివాడు. సీను ఇదీ. మునిగిపోతున్న ఓడలోంచి ఆడవాళ్ళనీ పిల్లల్నీ సారంగు తన పడవలోకి ఎక్కించుకున్నాడు. తుఫాను. దీపస్తంభం కనుచూపు మేరలోనే ఉంది. ఇంతలో చుక్కాని పట్టే స్నేహితుడు, సారంగుకి తోడబుట్టినవాడికన్నా ఎక్కువైనవాడు, అలకి కొట్టుకుపోయి తాడు పట్టుకుని వేలాడాడు. తాడు రెండో కొస సారంగు చేతిలో ఉంది. పడవ ఒక పక్కకి ఒరిగిపోతోంది. సినిమాలో ఓ మెరుపు మెరుస్తుంది. మళ్ళీ చూసేసరికి తాడు నీళ్ళ మీద వదులుగా తేలుతుంటుంది. అంతే చూపించారు.

ఎర్ర అట్టాయన రాసింది, సారంగు వదల్లేదని. కింద వేలాడే స్నేహితుడే నడుముకున్న కత్తి తీసి తాడు కోసుకున్నాడని. నీలం అట్టాయన రాసింది, సారంగే వదిలాడని. పడవలో ఉన్నవాళ్ళని చూసి, స్నేహితుడి మొహం చూసి, వేళ్ళు తెరిచాడని. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ చేత్తో ఎవరికీ కరచాలనం చేయలేదని.

ఆ పేజీ దగ్గర మెకానిక్కు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. మోటారు తిరుగుతోంది, ఆగుతోంది, తిరుగుతోంది. కింద జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, తనకీ భార్యకీ నోరు పెగలని సంగతిని ఇంత తేటగా ఎలా రాశాడా అనుకున్నాడు. ప్రాణంగా చూసుకున్నవాడు కూడా చెయ్యి తెరవాల్సి వస్తుందని అక్కడ అచ్చులో ఉంది. లిఫ్టు ఆపరేటరు వచ్చి తలుపు కొట్టేదాకా ఏడ్చాడు. పిట్ట తెలివైన పిల్ల, అదీ తప్పకుండా ఈ నీలం అట్టకే ఓటేసి ఉంటుందని తనకి తనే నమ్మకం కుదుర్చుకున్నాడు.

ఆదివారం బేకరీ మెట్లెక్కి వెళ్ళాడు. గదిలో పోస్టుమాస్టరు, టాక్సీ డ్రైవరు, టైర్ల షాపులో లెక్కలు చూసే ఓ కళ్ళజోడమ్మాయి, ఇంకో నలుగురైదుగురు ఉన్నారు. కళ్ళజోడమ్మాయి పిట్టకి బాగా దగ్గరి స్నేహితురాలు. ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆయన లేచి మాట్లాడాడు. సభల్లో మాట్లాడిన మనిషి కాదు, మాటలు వెతుక్కుంటూనే మాట్లాడాడు. సారంగు వదిలాడన్నాడు. వదలడం పట్టుకోవడంకన్నా కష్టమన్నాడు. వదిలినవాడికి ప్రేమ లేదని ఎవరనగలరన్నాడు. మాట్లాడుతున్నది సినిమా గురించేనని గదిలో వాళ్ళనుకున్నారు.

ఆయన కూర్చున్నాక పోస్టుమాస్టరు కళ్ళద్దాలు తుడుచుకుని, చాలా బాగా చెప్పారన్నాడు. టాక్సీ డ్రైవరు అవునవునన్నాడు. ఎవరూ ఎదురు వాదించలేదు. కళ్ళజోడమ్మాయి బల్లకేసి చూస్తోంది. మెకానిక్కుకి అర్థమైంది. బిడ్డని పోగొట్టుకున్నవాడని తనని గెలవనిస్తున్నారు.

మీరెందుకు కొట్టుకోవట్లేదు, మా పిట్ట చెప్పేది ఇలా కాదే అని అడిగాడు. ఇంతకీ అది ఏ వైపని కూడా అడిగాడు. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఎర్ర అట్ట, అంకుల్" అంది కళ్ళజోడమ్మాయి.

"అయితే అది ఏమనేదో చెప్పమ్మా. దాని మాట దానిలాగే చెప్పు. నన్ను చూసి తగ్గించొద్దు."

ఆ అమ్మాయి పోస్టుమాస్టరుకేసి చూసింది. ఆయన తలూపాడు. ఆ అమ్మాయి లేచి నిలబడి, మొదట గొణిగినట్టు మొదలుపెట్టి, పోను పోను పిట్ట ఊపే అందుకుంది.

"సారంగు వదలడు. పడవ మునిగినా వదలడు, తను మునిగినా వదలడు. పదిమంది కోసం ఒకణ్ణి వదిలాడంటారు. అలా లెక్కలేసేవాడైతే సారంగు ఎందుకవుతాడు, ఎక్కడో గుమాస్తా అవుతాడు. వదిలాడని రాసినాయన సారంగుని దూరం నుంచి చూసి రాశాడంతే." మెకానిక్కు వైపు తిరిగింది. "సినిమాలో చూపించలేదు కదా, నీకెలా తెలుసని వీళ్ళందరూ అడిగేవాళ్ళు. దానికి దాని జవాబొకటే, అంకుల్. మా నాన్న చెప్పాడు అనేది."

మెకానిక్కు తలెత్తి ఆ అమ్మాయికేసి చూశాడు.

"చిన్నప్పుడు మీరే తీసుకెళ్ళారట ఆ సినిమాకి. తను ఏడుస్తూ బయటికొస్తుంటే భుజమ్మీద ఎక్కించుకుని, సారంగు ఎక్కడైనా చెయ్యి వదులుతాడా పిచ్చిమొహమా అన్నారట. మా నాన్న పనే లిఫ్టు తాళ్ళతో, ఆయనకి తెలీదా మీకు తెలుసా అని మా నోళ్ళు మూయించేది."

అందరూ తడి కళ్ళతో నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ సినిమాకి తీసుకెళ్ళింది గుర్తుంది. జనం తోపులాట, దాని కొత్త చెప్పు ఒకటి పోవడం గుర్తుంది. ఆ మాట అన్నది మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. ఏడుపు మానిపించడానికి నోటికొచ్చింది అనుంటాడు. అది దాన్ని పట్టుకుని పెరిగింది.

బాగా చెప్పావమ్మా అని ఆ అమ్మాయి తల నిమిరి, పనుందని చెప్పి బయటపడ్డాడు.

ఇంటికెళ్ళేసరికి భార్య ఆరిన బట్టలు మడత పెడుతోంది. ఆవిడ పక్కన మంచం మీద కూలబడి జరిగిందంతా చెప్పాడు. ఆసుపత్రి చిన్న గది మాట కూడా, అప్పటినుంచీ మొదటిసారి, నోరు తెరిచి చెప్పాడు. సారంగు వదలడని దానికి చెప్పిన నోటితోనే తీసేయండి అన్నానన్నాడు. ఆవిడ చేతిలో ఉన్న చొక్కా మడత పెట్టడం పూర్తిచేసి పక్కన పెట్టింది.

"మీరు అనకపోతే నేను అనాల్సి వచ్చేది" అంది. "అనలేకే గోడవైపు తిరిగాను. నా వంతు కూడా మీరే అన్నారు."

ఆయన ఆవిడ చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకున్నాడు. ఆవిడ ఏడవలేదు. ఆయన వీపు మీద చెయ్యి వేసి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పిట్టకి నిజం తెలిస్తే మనల్ని ఏమనేదో అంది.

మళ్ళీ ఆ గదికి వెళ్ళడనే ఆవిడ అనుకుంది. తర్వాతి నెల వెళ్ళాడు. ఆ రోజు చర్చ వేరే సినిమా మీద, కానీ కొత్తగా చేరిన ఓ నర్సమ్మ మధ్యలో దీపస్తంభం సంగతి కదిపింది. సారంగు వదిలాడా లేదా అని అడిగింది. వదిలాడని పోస్టుమాస్టరు, టాక్సీ డ్రైవరు ఒక్క గొంతుతో అన్నారు. కళ్ళజోడమ్మాయి ఒక్కతే వాళ్ళకి అడ్డం పడింది, ఎంతసేపని నిలబడుతుంది.

మెకానిక్కు లేచాడు.

"వదల్లేదు" అన్నాడు.

టాక్సీ డ్రైవరు మొదట తెల్లబోయాడు, తర్వాత హుషారొచ్చి కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఇద్దరూ మాటకి మాట తగులుకున్నారు. మెకానిక్కు బల్ల గుద్దాడు. చేతులు తెగినా వదలడన్నాడు. లెక్కలేసేవాడు సారంగు కాదన్నాడు. కింద బేకరీ వాళ్ళు తొంగిచూసే దాకా అరిచాడు. తను అంటున్నవాటిలో ఒక్క ముక్క కూడా నమ్మలేదు.

అందరూ వెళ్ళిపోయాక పోస్టుమాస్టరు ఆయనతో పాటు మెట్లు దిగుతూ, పోయిన నెల మాట మార్చేసుకున్నారా అని నెమ్మదిగా అడిగాడు.

"లేదండీ, నాది నీలం అట్టే" అన్నాడు మెకానిక్కు. గొంతు బొంగురుపోయింది. "ఎర్ర అట్ట వైపు మనిషి ఒకరు తగ్గారు కదా."